ముక్కు పక్కన మచ్చ, కందిన బుగ్గలు, నాయన అరికాలు

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది కడప జిల్లా మైదుకూరు దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. ప్రొద్దుటూరులో బట్టల షాపులో పని చేస్తున్నాను. ముక్కు పక్కన చిన్నప్పటి నుంచి ఒక పుట్టుమచ్చ ఉంది. మినపగింజంత ఉబ్బెత్తుగా ఉంటుంది, అందులో ఒక వెంట్రుక కూడా వస్తుంది. మాఘమాసంలో నా పెళ్లి అనుకున్నారు. ఈలోగా మచ్చ తీయించుకోవాలని ఉంది. ముఖం మీది మచ్చ తీస్తే అదృష్టం పోతుందని అమ్మ ఒప్పుకోవడం లేదు. పార్లర్ అక్క మిషన్‌తో పది నిమిషాల్లో కాల్చేస్తానంటోంది. ఇంకో బాధ ఏమిటంటే, రెండేళ్లుగా బుగ్గలు ఎర్రగా కందిపోతున్నాయి. పొయ్యి దగ్గర నిలబడినా, ఎండలో బస్సు దిగి నడిచినా మంట. ముక్కు పక్కన సన్నటి ఎర్ర నరాలు తేలాయి. తెల్లబడటానికని మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ మూడేళ్లుగా రాత్రిపూట రాస్తున్నాను. రాస్తే ఎరుపు తగ్గుతుంది, మానేస్తే రెండు రోజుల్లో ఇంకా ఎక్కువవుతుంది. ఒక లేజర్ క్లినిక్‌లో మచ్చ, నరాలు, ఎరుపు అన్నిటికీ కలిపి ప్యాకేజీ చెప్పారు. కట్టేయమంటారా? పుట్టుమచ్చ ముట్టుకుంటే క్యాన్సర్ వస్తుందని కూడా భయపెడుతున్నారు. మా ఇంట్లో మచ్చలు ఎక్కువే. మా నాయనకు అరికాల్లో ఒక నల్లమచ్చ ఉంది. ఆర్నెల్ల కింద పెసరగింజంత ఉండేది, ఇప్పుడు చింతగింజంత అయింది. ముల్లు గుచ్చుకుని రక్తం గడ్డకట్టిందిలే అని ఆయన పట్టించుకోవడం లేదు. ఇది వంశపారంపర్యమా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ముఖం గురించి చదివాను. రెండోసారి చదివినప్పుడు నా కళ్లు చివరి నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయాయి. అందుకే మీరు ఆఖర్న రాసినదానికి ముందు జవాబు చెబుతాను. మీ పుట్టుమచ్చ మాఘమాసం దాకా ఆగగలదు. మీ బుగ్గలకు కొన్ని నెలల ఓపిక కావాలి. మీ నాయన అరికాలు మాత్రం వచ్చే వారం దాకా కూడా ఆగకూడదు.

భయపెట్టడానికి కాదు ఈ మాట. చేన్లో చెప్పుల్లేకుండా తిరిగే మనిషి అరికాల్లో నల్లమచ్చ అంటే చాలాసార్లు అది ఏమీ కాదు. లోపల నలిగిన రక్తం కావచ్చు, పాత ముల్లు ముక్క కావచ్చు, ఆనెకాయ కావచ్చు, పులిపిరి కావచ్చు. కానీ చర్మం కింద గడ్డకట్టిన రక్తమైతే కొన్ని వారాల్లో పైచర్మంతో పాటు పైకి వచ్చి రాలిపోతుంది. ఆర్నెల్లు ఉండదు, ఉన్నా పెరగదు. ఈ మచ్చ పెసరగింజ నుంచి చింతగింజ అయిందని మీరే కొలిచి రాశారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. తెల్లవాళ్లతో పోలిస్తే మనవాళ్లలో అది చాలా అరుదు. అయితే మనలాంటి చామనఛాయ చర్మంలో అది వచ్చినప్పుడు, ముఖం మీదో వీపు మీదో కంటే అరికాల్లో, అరచేతిలో, గోరు కింద వచ్చేది ఎక్కువ. ఎండ తగలని చోట్లవి. అందుకే ఎవరూ చూడరు, చూసినా ముల్లు అనుకుంటారు.

దాని గురించి ఒక్క విషయం గుర్తుంచుకోండి. మెలనోమాలో ప్రాణం నిలబడేదీ పోయేదీ చాలావరకు అది చర్మంలోకి ఎంత లోతు దిగిందన్న దాని మీద ఉంటుంది. ఆ లోతును మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరు లోపే ఉన్నప్పుడు కోసి తీసేస్తే దాదాపు అందరూ బాగుపడతారు. నాలుగు మిల్లీమీటర్లు దాటాక దొరికితే కథ వేరు. ఆ తేడా అంతా చూపించడంలో జరిగే ఆలస్యంలోనే ఉంది.

కాబట్టి నాయనను కడప రిమ్స్‌కు తీసుకెళ్లండి. మైదుకూరు నుంచి గంట ప్రయాణం. చర్మవ్యాధుల ఓపీ ఎక్కడని అడిగితే చూపిస్తారు, చీటీ మీద డీవీఎల్ అని రాస్తారు. డాక్టరు డెర్మోస్కోప్ అనే చిన్న లెన్స్ పెట్టి చూస్తారు, నొప్పి ఉండదు. అరికాలి మీద గీతలుంటాయి కదా, మామూలు మచ్చలో నలుపు ఎక్కువగా ఆ గీతల పల్లం వెంబడి పోతుంది, చెడ్డ మచ్చలో గీతల మధ్య గట్ల మీద పేరుకుంటుంది. ఆ తేడా లెన్స్‌లో కనిపిస్తుంది. అనుమానం ఉంటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ముక్క తీస్తే రోగం ఒళ్లంతా పాకుతుందని ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది నిజం కాదు, ఆ మాట విని వెనక్కి రాకండి. ఒకవేళ రిపోర్టులో తేడా వస్తే, రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స ప్రభుత్వ వైద్య సేవ పథకం కింద జరుగుతుంది, కాబట్టి డబ్బు గురించి ఆలోచించి నాయన ఆగిపోనవసరం లేదు.

ఈలోగా ఆయన బ్లేడుతో గీక్కోకుండా చూడండి. జిల్లేడు పాలు, నల్లజీడి, సున్నంలో చాకలిసోడా కలిపిన ముద్ద, ఇవేవీ పెట్టనివ్వకండి. ఇవి చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి. పుండు పడ్డాక కింద ఉన్నది ఏమిటో లెన్స్‌కు కూడా సరిగా అందదు.

ఇక మీ మచ్చ.

చిన్నప్పటి నుంచి ఉండి, మెత్తగా, గుండ్రంగా, ఒకే రంగులో, మధ్యలో వెంట్రుకతో ఉన్న మచ్చ అంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మామూలు పుట్టుమచ్చే. రంగు కణాలు చర్మం లోపలి పొరలో గుంపుగా చేరి పైకి ఉబ్బుతాయి. ఇలాంటివాటిని ముట్టుకుంటే, తీస్తే, వెంట్రుక కత్తిరిస్తే క్యాన్సర్ రాదు. ఈ భయం ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు. ముందే క్యాన్సర్ ఉన్న మచ్చను ఎవరో కాల్చేస్తారు, పరీక్ష చేయించరు, ఏడాదికి అది తిరిగి వస్తుంది. అప్పుడు తీసినందుకే వచ్చిందంటారు. తప్పు తీయడంలో లేదు, ఏమిటో చూడకుండా కాల్చడంలో ఉంది.

పార్లర్‌కు వద్దనడానికి నా మొదటి కారణం ఇదే. కాల్చేసిన మచ్చలో పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. రెండోది సూది. ఒకరి ముఖం మీద వాడిన సూదినే స్పిరిట్‌తో తుడిచి ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకోవచ్చు. మూడోది, ఎంత లోతు కాల్చాలో తెలియకపోతే మచ్చ పోయి గుంట మిగులుతుంది. ముక్కు పక్కన గుంట పడితే పౌడరు కూడా దాన్ని దాచలేదు.

డాక్టరు దగ్గర రెండు పద్ధతులుంటాయి. ఉబ్బెత్తు మచ్చకు ముఖం మీద ఎక్కువగా చేసేది షేవ్ పద్ధతి. మచ్చ కింద మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, బ్లేడుతో చర్మం మట్టానికి చెక్కి, అంచులను రేడియో ఫ్రీక్వెన్సీ మిషన్‌తో నున్నగా చేస్తారు. కుట్లుండవు. పొక్కు కట్టి వారం పది రోజుల్లో రాలుతుంది. కింద లేత గులాబీ రంగు చర్మం వస్తుంది, మనవాళ్లలో అది కొన్నాళ్లు గోధుమరంగుకు తిరిగి, కొన్ని నెలల్లో కలిసిపోతుంది. ఇందులో ఒక లోటు ఉంది. వేరు లోపలే ఉంటుంది కనుక కొందరికి మళ్లీ కొంచెం నలుపు రావచ్చు, వెంట్రుక కూడా రావచ్చు. రెండో పద్ధతిలో మచ్చను పూర్తిగా కోసి కుట్లు వేస్తారు. ముఖం మీద కుట్లను సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు. మళ్లీ వచ్చే అవకాశం తక్కువ, కానీ సన్నటి గీత మిగులుతుంది. మీ మచ్చకు షేవ్ సరిపోతుందని నా అంచనా, చూసిన డాక్టరుదే ఆఖరి మాట. మీరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తీసిన ముక్కను బయాప్సీకి పంపుతారా? ‘ఎందుకమ్మా, మామూలు మచ్చే కదా’ అంటే, పంపమని మర్యాదగానే పట్టుబట్టండి. మీరు చెప్పాల్సింది కూడా ఒకటుంది. చెవి కుట్టినచోట గానీ, టీకా వేసినచోట గానీ కాయలా లేచి పెరిగిందా? అలాంటి చర్మమైతే ముందే చెప్పాలి, మచ్చ తీసినచోట కూడా అలా లేవొచ్చు కాబట్టి అప్పుడు లెక్క మారుతుంది.

మీ అమ్మగారి మాట. దాన్ని నేను తీసిపారేయను. పుట్టుమచ్చ ఎక్కడుంటే ఏ ఫలితమో మన పెద్దలు చూసుకున్నారు, ఆమె అదే నమ్ముతూ మిమ్మల్ని పెంచింది. నేను డాక్టరుగా చెప్పగలిగింది, తీస్తే మీ ఒంటికి నష్టం లేదని, తీయకపోయినా నష్టం లేదని. మీకు ఆ మచ్చ బాధగా ఉంటే తీయించుకోండి. పెళ్లివారిలో ఎవరో ఏదో అన్నారని మాత్రం వద్దు. ఈ మచ్చతోనే మిమ్మల్ని చూసి ఒప్పుకున్నారు కదా. ఇంకో చిన్న విషయం, మన పదో తరగతి సర్టిఫికెట్లలో గుర్తింపు కోసం పుట్టుమచ్చలు రాస్తారు. మీదాంట్లో ఈ మచ్చే ఉందేమో చూడండి. ఉంటే తీసేముందు ఒక ఫొటో తీసి, డాక్టరు చీటీ, బయాప్సీ రిపోర్టుతో కలిపి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి. రేపు ఏదైనా ఉద్యోగానికి పత్రాలు చూసేటప్పుడు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

ఇప్పుడు మీ బుగ్గల దగ్గరికి వస్తాను. దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

మీరు రాసిన లెక్క మీరే మళ్లీ చూడండి. క్రీమ్ మొదలుపెట్టి మూడేళ్లు, ఎరుపు మొదలై రెండేళ్లు. రాస్తే తగ్గుతుంది, మానేస్తే రెండు రోజుల్లో రెట్టింపు. ఆ ట్యూబు తీసుకుని దాని వెనక సన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో కలిపి ఉంటే అది మంగుకు డాక్టరు కొన్ని వారాలకు మాత్రమే రాసే మందు. తెల్లబడే క్రీమ్ పేరుతో మన ఊళ్లలో చేతులు మారుతున్నది ఎక్కువగా ఇదే. ఇది గజ్జికో తామరకో వాడే మందు కూడా కాదు, నిజానికి తామర మీద రాస్తే అది ఇంకా ముదురుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటరు మీద డబ్బులు పెడితే ట్యూబు వస్తూనే ఉంది. పెళ్లిళ్ల సీజన్‌కు ముందు అమ్మాయిలు, సీజన్ అయ్యాక అదే అమ్మాయిలు కందిన ముఖాలతో మా ఓపీకి రావడం ఏళ్ల తరబడి చూశాను. వాళ్ల తప్పేమీ లేదు. మందు అని ఎవరూ చెప్పలేదు, ఎప్పుడు ఆపాలో అసలే చెప్పలేదు.

జరిగేది ఇదీ. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగిస్తుంది, అందుకే మొదట్లో ఎరుపు తగ్గి ముఖం తెల్లగా కనిపిస్తుంది. రాస్తూ పోతే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, నాళాలకు పట్టు పోతుంది. మందు ఆపిన మర్నాడు బిగిసినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. మంట, ఎరుపు, మొటిమల్లాంటి పొక్కులు. భయపడి మళ్లీ రాస్తారు. చర్మ డాక్టర్లు దీనికి స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం అని పేరు పెట్టుకునేంతగా ఇది మన దేశంలో పెరిగింది.

అందుకని ఈ రాత్రి కోపంతో ట్యూబు పారేయకండి. మూడేళ్లు రాసిన ముఖం ఒక్కసారిగా మానితే తట్టుకోలేదు. డాక్టరు దాన్ని తక్కువ బలం ఉన్నదానికి మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, అలా దింపుతారు. దాని బదులు టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని పూత, పొక్కులుంటే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇవ్వవచ్చు. ఆ మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు పనికిరావు కాబట్టి పెళ్లి తేదీ డాక్టరుకు చెప్పండి. మొదటి రెండు మూడు వారాలు ముఖం ఇప్పటికంటే ఎర్రగా ఉండొచ్చు. అద్దంలో చూసుకుని ఏడుపొచ్చే రోజులుంటాయి. ఆ రోజుల్లో మళ్లీ ట్యూబు దగ్గరికి పోకుండా ఉండటమే సగం వైద్యం. పూర్తిగా కుదుటపడటానికి నెలలు పడుతుంది.

చామనఛాయలో ఎరుపు తెల్లవాళ్లలో లాగా ఎర్రగా కనిపించదు, కొంచెం కమిలినట్టు, ఇటుకరంగులో ఉంటుంది. అందుకే చాలామంది దాన్ని నలుపు అనుకుని ఇంకా బలమైన తెల్లబడే క్రీమ్ కొంటారు. మీరు మంట గురించి రాయడం మంచిదయింది, మంట చెప్పినంత స్పష్టంగా రంగు చెప్పదు. క్రీమ్‌తో సంబంధం లేకుండా రోజేషియా అనే జబ్బులో కూడా ఇలాగే ఉంటుంది. దానికి మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్, అజెలాయిక్ యాసిడ్ లాంటి పూతలున్నాయి. ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు పరుచుకుని, తోడుగా కీళ్లనొప్పులు, నోటిపూత, జ్వరం, జుట్టు రాలడం ఉంటే మాత్రం ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే లూపస్ అనే జబ్బు ఉందేమో రక్తపరీక్షతో చూడాలి. అలాంటివి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మీరు నరాలు అన్నవి నరాలు కావు, సన్నటి రక్తనాళాలు. గాజు గ్లాసు పక్క భాగంతో మెల్లగా నొక్కి గాజులోంచి చూడండి, మాయమై, తీయగానే మళ్లీ వస్తాయి. వెడల్పైపోయిన ఈ నాళాలు ఏ పూతతోనూ పోవు. మూసేయాలంటే లేజర్ కావాలి, అందులో క్లినిక్‌వాళ్లు చెప్పింది నిజమే. 1983లో అమెరికాలో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు చూపించిన సూత్రం మీదే ఇవన్నీ నడుస్తున్నాయి. ఒక్కో పదార్థం ఒక్కో రంగు వెలుగును ఎక్కువగా పీలుస్తుంది. రక్తంలోని ఎరుపు పీల్చే వెలుగును క్షణంలో చిన్న భాగం పాటు వదిలితే, నాళం వేడెక్కి మూసుకుంటుంది, చుట్టూ ఉన్న చర్మం దెబ్బతినదు. చిక్కు ఏమిటంటే, మన చర్మంలోని నలుపు కూడా అదే వెలుగును పీలుస్తుంది. తెల్ల చర్మానికి పెట్టే సెట్టింగే మనకు పెడితే బొబ్బలు, నల్లమచ్చలు, ఒక్కోసారి పాలమచ్చలు. ఐపీఎల్ అనే వెలుగు మిషన్‌తో మనవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ లోతుకు పోతుంది, నలుపు దాన్ని తక్కువ పీలుస్తుంది, అందుకే చామనఛాయకు అది మేలు. 595 నానోమీటర్ల డై లేజర్ కూడా తగ్గించిన మోతాదులో, చెవి పక్కన చిన్న చోట పరీక్ష చేసి చూశాకే వాడాలి. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో కొన్ని సిట్టింగులు పడతాయి. కొన్ని నాళాలు ఏళ్ల తర్వాత మళ్లీ తేలవచ్చు.

అందుకే ప్యాకేజీ డబ్బు ఇప్పుడు కట్టకండి. పలచబడి మండుతున్న చర్మం మీద లేజర్ పెట్టడం పచ్చిపుండు మీద పెట్టినట్టే. క్రీమ్ పూర్తిగా దిగి, చర్మం నిలకడగా కొన్ని నెలలున్నాక చూస్తే, ఈరోజు కనిపించే నాళాల్లో కొన్ని వాటంతటవే తగ్గి ఉండొచ్చు. మిగిలినవాటికి పెళ్లయ్యాక, మళ్లీ చలికాలంలో చేయించుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మన కడప ఎండలో లేజర్ చేయించుకుని బస్టాండులో నిలబడటం కంటే చెడ్డ ఆలోచన లేదు.

మచ్చ సంగతి కూడా అంతే. మంట తగ్గాక, కార్తీకం వెళ్లేలోపు తీయించుకుంటే మాఘానికి చాలావరకు రంగు కలుస్తుంది. అప్పటికీ ముఖం మండుతూనే ఉంటే పెళ్లి తర్వాతే. పెళ్లికి నెల ముందు మాత్రం ఏదీ వద్దు. ఫేషియల్ వద్దు, బ్లీచ్ అసలే వద్దు.

రోజూ చేసుకోగలిగినవి కొన్ని. వేడినీళ్లతో ముఖం కడగకండి. సబ్బు, సున్నిపిండి రుద్దడం ఆపండి, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. పొద్దున ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు వేస్తే ముఖానికీ మెడకూ సరిపోతుంది. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. గొడుగు పట్టుకోవడానికి సిగ్గుపడకండి. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచి, పొయ్యికి ముఖం వంచకుండా ఎడంగా నిలబడండి. ఎర్రకారం దోసె తిన్నాక ముఖం భగ్గుమంటుందా, వేడి టీ తాగాకనా, రెండు వారాలు చిన్న పుస్తకంలో రాసుకోండి. ఏది తిన్నా మీకు పడకపోతేనే మానేయండి, ఊరికే అన్నీ మానుకోనక్కర్లేదు. మచ్చలు వంశపారంపర్యమా అని అడిగారు. మీ అమ్మగారికి బుగ్గల మీద ఆవగింజల్లా నల్లటి పొక్కులుంటే అవి వేరే రకం. అవి వంశంలో వస్తాయి, ప్రమాదం లేదు. మీ నాయన మచ్చకూ వాటికీ సంబంధం లేదు.

సోమవారం పొద్దున షాపులో సెలవు చెప్పండి. ముల్లే కదా అని నాయన మొండికేస్తే, నా ముఖం చూపించుకోవాలి, తోడు రా అని పిలవండి. కూతురి కోసమైతే వస్తాడు. బయల్దేరే ముందు ఆయన కాళ్లు రెండూ సబ్బుతో కడిగించండి, పసుపు గానీ నూనె గానీ రాయనివ్వకండి. ఓపీలో మీకూ ఒక చీటీ, ఆయనకూ ఒక చీటీ తీసుకోండి. ముందు ఆయన కాలు చూపించండి. మీరు వాడే ట్యూబు డబ్బాతో సహా సంచిలో వేసుకోండి, పేరు నోటితో చెప్పడం కంటే చూపించడం మంచిది. రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.